కంకరైపోతున్న కడలి

పట్టిసం రేవులో పడవెక్కి సాగుతుంటే, నడిగోదారిలో వీరభద్రుడు కొలువుదీరిన దేవకూటాన్ని చూసి చేతులెత్తి మొక్కని మనిషుండడు. శివరాత్రి తిరునాళ్ళకు ఆ ఇసుకతిన్నెల మీద జనసముద్రం పొంగుతుంది. అలవాటుగా అనేస్తాం ఆ మాట. అసలు సముద్రమే ఒకనాడు ఈ సీమ పొలిమేరలకొచ్చి అలలు కొట్టి మరలిపోయిందని తలచుకునేదెవరు? ఈనాడు అంతర్వేది దగ్గర వశిష్ఠను కలుపుకునే కడలి ఇక్కడికి దాదాపు నూరు కిలోమీటర్లు. మధ్యనున్న పచ్చని వరిచేలు, కొబ్బరితోటలు, కోనసీమ లంకలు, అన్నీ గోదారి తల్లి మట్టి మోసుకొచ్చి కడలిని నెట్టి నెట్టి గెలుచుకున్న నేలే.

ఆ పాతకడలి చేవ్రాలు దేవకూటానికి దక్షిణాన, ఇరవై కిలోమీటర్ల దూరంలో గౌరీపట్నం, దుద్దుకూరు, పంగిడి రాతిగనుల్లో ఉంది. ఏటికి ఆవలి ఒడ్డున కాతేరులోనూ ఉంది. గనిగోడలో కింద నల్లరాయి. దాని మీద బూడిద తెలుపు సున్నపురాయి. మళ్ళీ పైన నల్లరాయి. ఆ నలుపంతా చల్లారిన నిప్పు. ఎక్కడో పడమటి కనుమల దాపున నేల నెర్రెలు విచ్చి కక్కిన లావా, వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రాచీన లోయల వెంట పారి, సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట ఈ తీరాన వచ్చి సొమ్మసిల్లిందని శాస్త్రజ్ఞుల మాట. ఆ ఆరిన నిప్పు మీదికి నీరొచ్చింది. ఉప్పునీరూ తీపినీరూ పెనవేసుకునే మొగలో ఆలిచిప్పలు కాపురం పెట్టాయి. గుల్ల మీద గుల్ల, తరం మీద తరం, తళుకు మీద తళుకు! అంతలో రెండోసారి నిప్పు వచ్చి ఆ కాపురాలను కప్పేసింది. అలా కప్పబట్టే అవి ఇంతకాలం దక్కాయి.

నాగపూర్‌లో మతబోధకుడిగా ఉన్న స్టీఫెన్ హిస్లాప్ ఈ గుల్లలను 1860లోనే లోకానికి వర్ణించి చెప్పాడు. 2008లో భూశాస్త్రవేత్త గెర్టా కెల్లర్ బృందం ఇదే సున్నపుపొరలో, కంటికి ఆనని ఫొరామినిఫెరా గవ్వలను చదివింది. రాక్షసబల్లుల యుగం అస్తమించిన వెంటనే కడలిలో పుట్టిన తొలి ప్రాణుల గవ్వలవి. ప్రపంచమంతటా జీవం కూలిపోయి మళ్ళీ కళ్ళు తెరిచిన ఆ ఘడియకు మన గౌరీపట్నం సాక్షి! నిర్మలగిరి మాతకు మొక్కేందుకు ఏటా వేలమంది నడిచే దారి పక్కనే, మొక్కే దిక్కులేని సాక్షి.

ఆ సాక్షి గొంతు నులుముతున్నాం. తూటా పేలుతుంది, గోడ కూలుతుంది. క్రషర్ పళ్ళ మధ్య నలుపూ తెలుపూ ఒకటే పొడి. టిప్పరెక్కిన సముద్రం ఏ ఊరి రోడ్డు కిందో తారు పూసుకుని పడుకుంటుంది. రాయి కొట్టే చేతుల మీద నాకు కోపం లేదు. ఆ చేతులకు కూలి కావాలి, మన ఊళ్ళకు బాటలు కావాలి. కానీ ఓ ఆలిచిప్పా, రెండు అగ్నిప్రవాహాల నడుమ చెక్కుచెదరని నిన్ను, చదువుకున్న మా తరం ఒక్క మధ్యాహ్నంలో పిండి చేస్తుంటే నాకు దుఃఖం ఆగడం లేదు.

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి. కడలి వెనక్కు తగ్గిన కాలాల్లో బయటపడ్డ ఇసుకను గాలి ఎగరేసి పోసిన గుట్టలవి. 2014లో వాటికి జాతీయ భూవారసత్వ గౌరవం దక్కింది. మంగమారిపేట ఒడ్డున అలలు తొలిచిన రాతితోరణం ముందు జనం ఫొటోలు దిగుతారు. సంతోషమే. అందమున్న రాయి అదృష్టం చేసుకుంది. గౌరీపట్నం గోడకు అందం లేదు. దుమ్ము కొట్టుకున్న మూడు చారలు, అంతే. అందుకే దాని చావుకు ఏడ్చేవాళ్ళు లేరు.

ఉప్పాడలో కడలి ఇళ్ళను మింగుతుంటే గుండెలు బాదుకుంటున్నాం. సముద్రం ఎంత దూరం వస్తుందో, ఎంత దూరం పోతుందో తానే రాసిపెట్టిన పుటను మాత్రం మన చేతులతో చింపుతున్నాం.

అయ్యలారా, ఒక్క గనిలో ఒక్క గోడ వదలండి. పది మీటర్ల నిడివి చాలు. నలుపు, తెలుపు, నలుపు మూడూ కనిపించేలా కంచె కట్టి, తెలుగులో ఒక పలక నిలబెట్టండి. కొవ్వూరు, దేవరపల్లి బడిపిల్లలను అక్కడికి తీసుకెళ్ళి ఆ చిప్పను వేలితో తడమనివ్వండి. మిగిలిన నల్లకొండంతా మీ రోడ్లకు తోలుకుపొండి.