తీసిన ఎముకనే తిరిగి అమర్చే విద్య

పెరిగే వయసు పిల్లాడికి మోకాలి దగ్గర ఎముకలో క్యాన్సర్ అని తేలితే ఇంట్లోవాళ్లు డాక్టర్‌ని అడిగే మొదటి ప్రశ్న ప్రాణం గురించి, రెండోది కాలు గురించి. 1970లకు ముందు రెండో ప్రశ్నకు ఒకటే జవాబు: కాలు తీసేయాలి. తీసినా బతికి బట్టకట్టేది ఐదుగురిలో ఒక్కరే. కీమోథెరపీ వచ్చాక ఆ లెక్క మారింది. జబ్బు ఊపిరితిత్తులకు పాకకముందే దొరికి, చికిత్స మధ్యలో ఆపకుండా పూర్తి చేయించుకుంటే ఇవాళ నూటికి అరవై మందికి పైగా దక్కుతున్నారు. కాలు ఉంచి గడ్డను మాత్రమే తీయించుకున్నవాళ్లు కాలు తీయించుకున్నవాళ్ల కన్నా ముందే పోవడం లేదని 1980ల నుంచి వచ్చిన పరిశీలనలు చెబుతూనే ఉన్నాయి. అయినా సూరత్ నవాగామ్‌లోనో, పక్కనున్న డిండోలి, లింబాయత్‌లలోనో సాంచల (మరమగ్గాల) మీద బతికే తెలుగు ఇళ్లలో ఎముక క్యాన్సర్ అనగానే కాలు పోయినట్టేనని గుండెలు బాదుకుంటే తప్పుపట్టలేం. కాలు దక్కే దారి ఉందని వాళ్లకు వాళ్ల భాషలో విడమరిచి చెప్పినవాళ్లు తక్కువ. ఈ వ్యాసం అందుకే.

గడ్డ తీయడమంటే గడ్డనొక్కదాన్నే గీకి తీయడం కాదు. చుట్టూ బాగున్న కండ కొంత, పైనా కిందా బాగున్న ఎముక కొంత కలిపి ఒకే ముద్దగా, గడ్డ ఎక్కడా కత్తికి తగలకుండా తీయాలి. తొడ ఎముకలో పది, పదిహేను, ఒక్కోసారి ఇరవై సెంటీమీటర్ల మేర ఖాళీ పడుతుంది. దాన్ని దేనితో పూడ్చాలన్నదే అసలు ప్రశ్న. లోహపు కీలు పెట్టొచ్చు. విదేశీ రకమైతే లక్షల్లో ఖర్చు. పైగా పెరిగే పిల్లలకు ఏళ్లు గడిచేకొద్దీ అది అరగడం, వదులవడం, మళ్లీ ఆపరేషన్ చేయాల్సి రావడం మామూలే. పిక్క పక్కనుండే సన్నటి ఎముకను రక్తనాళాలతో సహా తెచ్చి అతకొచ్చు. మరొకరు దానం చేసిన ఎముకను వాడొచ్చు. లేదంటే గడ్డతో పాటు బయటికి వచ్చిన రోగి సొంత ఎముకనే శుద్ధి చేసి మళ్లీ అదే చోట అమర్చొచ్చు.

ఇతరుల ఎముకను అతకడం కొత్త సంగతేమీ కాదు. స్కాట్లాండ్ సర్జన్ విలియం మెక్‌ఈవెన్ 1880 ప్రాంతంలోనే, రికెట్స్‌తో కాళ్లు వంకరపోయిన పిల్లలకు ఆపరేషన్ చేసినప్పుడు తీసిన ఎముక ముక్కలతో ఒక చిన్నపిల్లాడి భుజం ఎముకను తిరిగి నిలబెట్టాడు. ఆ తర్వాత 1940లలో క్యూబాలోనూ అమెరికా నౌకాదళంలోనూ ఎముకల బ్యాంకులు వెలిశాయి. మన దేశంలో చెప్పుకోవలసింది ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి టిష్యూ బ్యాంకు. 1988లో మొదలైంది. తుంటి కీలు మార్చే ఆపరేషన్లలో తీసిపారేసే తొడ ఎముక తలకాయల లాంటివి అక్కడ పనికొచ్చే సరుకు. దాత రక్తానికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్ పరీక్షలు చేస్తారు. ఎముకకు అంటిన కండ, కొవ్వు, మజ్జ తీసేసి కడుగుతారు. చల్లదనంలో తడి లాగేసి పొడిగా చేసి, సంచుల్లో సీలు వేస్తారు. చివరి మెట్టు ముంబైలోని ట్రాంబే. భాభా అణు పరిశోధన కేంద్రం 1974లో అక్కడ నెలకొల్పిన ఐసోమెడ్ అనే గామా కేంద్రంలో కోబాల్ట్-60 కిరణాలు ఆ సంచుల్ని శుద్ధి చేస్తాయి. సీలు వేశాక లోపలికి చెయ్యి వెళ్లే పనే లేదు. కిరణం మాత్రమే సంచి దాటి వెళ్తుంది. సిరంజీలను, కుట్టు దారాలను శుద్ధి చేసేదీ ఆ కిరణాలే.

ఇక్కడే గమనించాల్సిన తేడా ఒకటుంది. రేడియేషన్ మోతాదును గ్రేలలో కొలుస్తారు. బ్యాంకు ఎముకకు ఇచ్చే మోతాదు 25 కిలోగ్రే, అంటే 25,000 గ్రేలు. రోగి సొంత ఎముకలో క్యాన్సర్ కణాలను చంపడానికి ఇచ్చేది 50 గ్రేలు. ఐదు వందల రెట్ల తేడా. క్యాన్సర్ కణం మన కణమే. దాని కేంద్రకంలో ఉండే పొడవాటి డీఎన్‌ఏ కొద్దిపాటి రేడియేషన్‌కే తెగిపోతుంది. బ్యాక్టీరియా, అందులోనూ పెంకు కట్టుకుని కూర్చునే స్పోర్లు అంత తేలిగ్గా చావవు. కాబట్టి 50 గ్రేలు అందిన ఎముక క్యాన్సర్ లేని ఎముకే తప్ప క్రిములు లేని ఎముక కాదు. దాన్ని క్రిముల నుంచి కాపాడాల్సింది కిరణం కాదు, థియేటర్‌లో మనుషుల జాగ్రత్త. పోనీ దానికీ 25,000 గ్రేలు ఇస్తే సరిపోదా అంటే, అంత మోతాదు ఎముకలోని కొల్లాజెన్‌ను దెబ్బతీసి దాన్ని పెళుసుగా చేస్తుంది. బ్యాంకులో చిన్న ముక్కలకు అది చెల్లుతుంది. పిల్లాడు జీవితాంతం బరువు మోపి నడవాల్సిన తొడ ఎముకకు చెల్లదు.

సొంత ఎముకకు రేడియేషన్ ఇచ్చి మళ్లీ పెట్టే పద్ధతిని 1960ల చివర్లోనే మొదలుపెట్టారు. టాటా మెమోరియల్ సహా మన పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల్లో ఇది వాడుకలో ఉంది. థియేటర్‌లో దాని క్రమం చూస్తే పనితనం ఎంత సున్నితమో తెలుస్తుంది. గడ్డతో సహా బయటికి వచ్చిన ఎముకను వేరే బల్ల మీద పెట్టి కండనీ మెత్తటి గడ్డనీ ఒలిచేస్తారు. లోపలి మజ్జను తొలిచి తీసేస్తారు. పరీక్షకు ముక్కలు పంపుతారు. ఎముకను సెలైన్‌తో, యాంటీబయాటిక్ కలిపిన నీళ్లతో కడిగి, తడి గుడ్డలో చుట్టి, ఒకదానిలో ఒకటిగా శుభ్రమైన ప్లాస్టిక్ సంచుల్లో వేసి మూతి బిగిస్తారు. సంచిలో గాలి బుడగ మిగలకూడదు. గాలి ఉన్నచోట కిరణం మోతాదు లెక్క తప్పుతుంది. ఆ సంచి రేడియేషన్ ఇచ్చే లీనియర్ యాక్సిలరేటర్ గదికి వెళ్తుంది. సాధారణంగా రోగి ఒంటికి రోజుకు రెండు గ్రేల చొప్పున వారాల తరబడి ఇచ్చే మోతాదు ఇక్కడ రెండు వైపుల నుంచీ ఒక్క పూటలో పడుతుంది. ఎముక ఒంట్లో లేదు కాబట్టి చర్మం కాలడం, నరాలు దెబ్బతినడం అనే భయం లేదు. ఈలోపు థియేటర్‌లో సర్జన్ గ్లవ్స్, పరికరాలు మార్చి, ఎముక తిరిగి కూర్చోవాల్సిన చోటును సిద్ధం చేస్తాడు. ఎముక వచ్చాక పై సంచి ఒకరు తెరుస్తారు, లోపలి సంచి శుభ్రంగా చేతులు కడుక్కున్న మరొకరు అందుకుంటారు. మళ్లీ కడిగి, ప్లేట్లు, స్క్రూలతో అదే చోట బిగిస్తారు. అదే కాలి ఎముక కనుక కొలత తప్పే ప్రశ్న లేదు. కండరాలు అంటుకునే గట్లు, కీలు వంపు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి.

శుద్ధికి వేరే దారులూ ఉన్నాయి. ఆటోక్లేవ్‌లో ఉడికిస్తే కణాలు చస్తాయి కానీ, కొత్త ఎముకను పిలుచుకొచ్చే ప్రొటీన్లు కూడా పోతాయి, గట్టిదనమూ తగ్గుతుంది. అందుకే జపాన్ వాళ్లు అరవై డిగ్రీల వేడిలో అరగంట ఉంచే పాశ్చరైజేషన్ పట్టుకున్నారు. అదే దేశంలో కనజావా విశ్వవిద్యాలయానికి చెందిన సుచియా బృందం 1999లో ద్రవ నైట్రోజన్ మొదలుపెట్టింది. మైనస్ 196 డిగ్రీల ద్రవంలో ఇరవై నిమిషాలు ముంచి, గది గాలిలో కాసేపు, నీళ్లలో కాసేపు ఉంచి మామూలు వేడికి తెస్తారు. కణం లోపల మంచు పలుకులు కట్టి అది చీలిపోతుంది, ప్రొటీన్లు మాత్రం నిలుస్తాయి. లీనియర్ యాక్సిలరేటర్ అక్కర్లేదు, ఒక నైట్రోజన్ డబ్బా చాలు. రేడియేషన్ యంత్రం దగ్గరలో లేని మన జిల్లా కేంద్రాలకు నా దృష్టిలో ఇదే నప్పే పద్ధతి. జపాన్‌లో ఈ విద్య ఇంతగా పెరగడానికి కారణం, చనిపోయినవారి ఎముకలు దానంగా దొరకడం అక్కడ అరుదు కావడమే. మన దగ్గరా అంతే. నేత్రదానం అంటే ముందుకొచ్చే ఇళ్లు ఎముకల దానం అంటే వెనకాడుతున్నాయి.

తిరిగి పెట్టిన ఎముక చచ్చిన ఎముకే. అది పడుగులా నిలబడి ఉంటే, పైనుంచీ కిందనుంచీ బతికున్న ఎముక దాని మీద పేక అల్లుకుంటూ వస్తుంది. కీళ్ల వైపు కొసలు కొన్ని నెలల్లోనే అతుకుతాయి. మధ్య భాగంలో అతుకుకు ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు. అన్నాళ్లూ కర్రల సాయంతో, బరువు పూర్తిగా మోపకుండా నడవాలి. ఈ ఓపిక ఇంట్లోవాళ్లకు ముందే చెప్పకపోతే పిల్లాడు కాలు మోపుతాడు, ప్లేటు విరుగుతుంది.

దీనికి హద్దులున్నాయి. గడ్డ ఎముకను తినేసి గుల్ల చేసినా, ఎముక అప్పటికే విరిగినా తిరిగి పెట్టడానికి పనికిరాదు. చీము పట్టడం, అతుకు పడకపోవడం, కొన్నేళ్లకు కీలు మృదులాస్థి అరిగిపోవడం జరుగుతుంటాయి. ఇంకో నష్టం పైకి కనపడదు. తీసిన ఎముక మొత్తాన్ని కోసి, కీమోకు ఎన్ని కణాలు చచ్చాయో లెక్కించే అవకాశం పోతుంది. ముక్కలు మాత్రమే పరీక్షకు మిగులుతాయి. అయినా, లక్షల ఖరీదు లోహం కొనలేని ఇంటి బిడ్డకు చేతులెత్తేయకుండా కాలు నిలిపే విద్య ఇది. అందుకే మెచ్చుకుంటున్నాను.

నవాగామ్ తెలుగువాళ్లను, వరంగల్, నల్గొండ, కరీంనగర్ నుంచి వచ్చి సాంచల మీద నిలబడ్డ పద్మశాలీలను చేతులెత్తి అడుగుతున్నాను. పిల్లల మోకాలి దగ్గర నొప్పి రెండు మూడు వారాలైనా తగ్గకపోతే, రాత్రిపూట ఎక్కువైతే, వాపు కనిపిస్తే మర్దన చేయించకండి, కట్టు కట్టించకండి. ముందు ఎక్స్‌రే తీయించండి. గడ్డ అనుమానం ఉందంటే ముక్క తీసే బయాప్సీని దొరికిన చోటల్లా చేయించకండి. ఎక్కడ పెద్ద ఆపరేషన్ జరగబోతుందో అక్కడే, ఆ సర్జన్ చూపించిన చోటే చేయించండి. సూది వెళ్లిన దారి మొత్తం తర్వాత గడ్డతో పాటు తీసేయాలి కాబట్టి, తప్పు చోట పడ్డ ఒక చిన్న గాటు కాలు కాపాడే అవకాశాన్ని పోగొట్టగలదు. ముంబై టాటా మెమోరియల్‌కు సూరత్ నుంచి రైల్లో నాలుగైదు గంటలే. ఆయుష్మాన్ కార్డు ఉంటే ఆ పథకంలో చేరిన ఆసుపత్రుల్లో రాష్ట్రం దాటినా చెల్లుతుంది. ఇంటిల్లిపాది పేర్లు అందులో ఉన్నాయో లేదో ఈ వారమే చూసుకోండి.