రెండు మంటలు: కె.ఎల్.ఎఫ్. తిరుగుబాటు

వ్యాపార సంగీతంలో ఉంటూనే వ్యాపారంపై తిరుగుబాటు చేయడం సాధ్యమా? బ్రిటిష్ నృత్యసంగీత జంట కె.ఎల్.ఎఫ్. చరిత్ర ఈ ప్రశ్నను సూటిగా మన ముందుంచుతుంది. బిల్ డ్రమండ్, జిమీ కాటీ 1987లో ప్రారంభించి 1992లో విరమించిన ఈ ప్రయాణానికి మొదట ఒక మంట, చివర ఒక మంట ఉన్నాయి.

మొదటిది 1987 నాటిది. ఇతరుల రికార్డులలోని ముక్కలను శాంప్లర్ యంత్రంతో అతికి వారు తొలి ఆల్బమ్ చేశారు. అందులో స్వీడన్‌ బృందం అబ్బా పాట ముక్క ఉన్నది. హక్కుదారులు అభ్యంతరం చెప్పగా రికార్డును ఉపసంహరించవలసి వచ్చింది. ఇద్దరూ స్వీడన్ వెళ్ళి కొన్ని ప్రతులను పొలంలో తగులబెట్టారు, మరికొన్నిటిని సముద్రంలో పారవేశారు. పాట కూడా భూమివలె సరిహద్దురాళ్ళు పాతిన సొత్తేనని ఈ ఉదంతం తేటతెల్లం చేసింది.

ఈ సంగీతం ఆకాశంనుండి ఊడిపడలేదు. 1984-85 గనికార్మికుల సమ్మె ఓడిపోయింది. థాచర్ పాలనలో గనులూ మిల్లులూ మూతపడ్డాయి. 1988 నాటికి ఖాళీ గోదాములలో, పొలాలలో వేలాది యువజనులు రాత్రంతా నృత్యం చేయసాగారు. ఆ లయనే ఈ జంట అంగడికెక్కించింది. 1988లో టైమ్‌లార్డ్స్ అనే మారుపేరుతో బ్రిటన్‌లో ప్రథమస్థానం పొంది, అట్టి పాటను ఎవరైనా ఎట్లా తయారుచేయవచ్చునో ఒక పుస్తకమే వ్రాసింది. ప్రతిభ, ప్రేరణ అనే తెరల వెనుకనున్న సరుకు తయారీని బయటపెట్టిన ఈ పని నిస్సందేహంగా అభినందనీయం.

1991లో "3 ఎ.ఎం. ఎటర్నల్" మళ్ళీ ప్రథమస్థానం చేరింది. 1992 ఫిబ్రవరిలో బ్రిట్ పురస్కారాల వేదికపైనుండి సభికులవైపు ఉత్తుత్తి తూటాలు పేల్చారు. మే నెలలో విరమణ ప్రకటించి తమ రికార్డులన్నిటి అమ్మకం ఆపివేశారు. ఇది త్యాగమే. కాని అమ్మకం ఆపగలిగేవాడు యజమాని మాత్రమే. 1987లో ఏ ఆస్తిహక్కు వారి నోరు నొక్కిందో, 1992లో అదే హక్కును వారు ప్రయోగించారు. అందుకే 2021లో ఆ పాటలనే తిరిగి అంగడికి తేగలిగారు.

రెండవ మంట 1994 ఆగస్టు 23న స్కాట్లండ్‌లోని జురా ద్వీపంలో లేచింది. పది లక్షల పౌండ్ల నోట్లు బూడిదైనాయి. ఎలుకల బాధకు ఇంటికి నిప్పు పెట్టినట్లున్నది ఈ పని. నోటు సంపద కాదు, సమాజశ్రమపై హక్కుపత్రం. దానిని కాల్చినందువల్ల ఒక్క ఫ్యాక్టరీ యాజమాన్యం మారదు. నోటు ముద్రించిన బ్యాంకుకే అంతమేరకు బాకీ తీరుతుంది!

అదే 1994లో బ్రిటిష్ పార్లమెంటు మరొక పని చేసింది. రాత్రివేళ ఆరుబయట, పదేపదే మోగే దరువుల సంగీతానికి గుమిగూడిన 100 మందిని, అంతకు మించినవారిని చెదరగొట్టే అధికారాన్ని పోలీసులకిస్తూ చట్టం చేసింది. నోట్లు కాల్చిన ఇద్దరిని చట్టం తాకలేదు. కూడి ఆడిన నూరుమందిని తాకింది. పాలకవర్గానికి దేనివల్ల భయమో దీనినిబట్టే తెలుస్తున్నది.

డ్రమండ్, కాటీల నిజాయితీని శంకించనవసరం లేదు. వారి లోపం ధైర్యలోపం కాదు, తోడు లేకపోవడం. ప్రజాసమూహంనుండి లయను తీసుకున్న కళాకారుడు తన కోపాన్ని కూడా ఆ సమూహంతోనే పంచుకోవాలి. ఒంటరి ద్వీపంలో వెలిగించిన మంట ఎంత పెద్దదైనా, దానివల్ల వెచ్చబడేవారు ఇద్దరే.