కట్టకు వంద గ్రాములు

మా గేదె తోక కొస ముందు చల్లబడింది. తర్వాత నల్లబడింది. రెండు వారాలు తిరక్కుండానే ఎండుపుల్లలా బిగుసుకుపోయి రాలిపోయింది. పశువుల డాక్టరు గారు గేదెను చూసిన తర్వాత, "మేత ఎక్కడ పెట్టారు?" అని అడిగారు. కొట్టంలో ఉన్న గడ్డి కట్టల్లోంచి ఒకటి తీసి తాడు కోశారు. పైన పచ్చగా బంగారంలా ఉన్న కట్ట లోపల నల్లటి చారలు, బూడిదలాంటి పొడి, ముక్కు మూసుకునేంత ముక్కవాసన. "డెగ్నాలా" అన్నారాయన. ఇప్పటి పాకిస్తాన్ పంజాబులో డేగ్ నాలా అనే వాగు ఉంది. ఆ వాగు ఒడ్డు ఊళ్లలో గేదెలకు వచ్చిన జబ్బు కాబట్టి ఆ పేరు. బూజు పట్టిన వరిగడ్డిలోని విషం వల్ల తోక, చెవులు, గిట్టలకు రక్తం అందకుండా పోతుంది. ఆ కొసలు కుళ్లిపోతాయి.

ఆ కట్టలు 2023 డిసెంబరులో కట్టించినవి. అయిదో తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పుడు ఊరంతా ధాన్యం గురించే మాట్లాడుకుంది. మొలకెత్తిన గింజలు, తేమ శాతం, కొనేదెవరు అన్నవే మాటలు. గడ్డి గురించి ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. నాలుగు రోజులు ఎండ కాసేసరికి, గడ్డిని కట్టలు చుట్టే బేలర్ దొరికిందే చాలనుకుని కట్టించేశాను.

మా తాత కాలంలో ఈ బెడద ఇంతగా లేదు. వరి కోసి పనలు ఆరేసేవాళ్లు. ఆరిన పనలు కుప్ప వేసి, తీరిక చూసుకుని నూర్చేవాళ్లు. కళ్లంలోంచి బయటికి వచ్చేసరికే గడ్డి గలగలలాడేది. వాములో పొర పొరకూ గుప్పెడు ఉప్పు చల్లడం మా నాయనమ్మకు అలవాటు. ఇప్పుడు కోత మిషను పచ్చి పైరును కోసిన నిమిషంలోనే గింజను వేరు చేసి, గడ్డిని వెనక వరసగా పారబోస్తుంది. పైన రెండు రోజుల్లో ఆరినట్టు కనిపిస్తుంది. కింద మడి చెమ్మ పీల్చుకున్న గడ్డి అలాగే ఉంటుంది. బేలర్ ఆ రెండింటినీ కలిపి బిగించి చుట్టేస్తుంది. అలా చుట్టిన కట్ట మూడో రోజుకు వేడెక్కుతుంది. మధ్యలోకి చెయ్యి దూరిస్తే ఆ వెచ్చదనం తెలుస్తుంది. ఆ వేడి బూజుది.

చెమ్మ గడ్డి బూజు పట్టకుండా కట్టేటప్పుడే ప్రొపియోనిక్ ఆమ్లం చిలకరించడం అమెరికా రైతులకు పాత అలవాటు. వాళ్లు ఎండుగడ్డికి చేసేదాన్ని వరిగడ్డికి చేసుకోవచ్చని నాకు అనిపించింది. పేరు చూసి భయపడనక్కర్లేదు. బేకరీ బ్రెడ్డు బూజు పట్టకుండా వేసే కాల్షియం ప్రొపియోనేటు దీని లవణమే. గేదె పొట్టలో మేత పులిసినప్పుడు ఈ ఆమ్లం దానంతటదే తయారవుతుంది. గేదె కాలేయం దాన్ని గ్లూకోజుగా మార్చుకుంటుంది. అయితే డబ్బాలో ఉన్నప్పుడు అది ఆమ్లమే. చర్మం మీద పడితే కాలుతుంది, ఆవిరి కళ్లకు మంట, ఇనుమును తినేస్తుంది. అమ్మోనియా కలిపి ఘాటు తగ్గించిన రకం ఉంటుంది, నేను తెచ్చింది అదే. అయినా కళ్లద్దాలు, రబ్బరు చేతితొడుగులు లేకుండా మూత తియ్యను.

పరికరం అంటే పెద్ద యంత్రమేమీ కాదు. బ్యాటరీ స్ప్రేయర్లలో వాడే పన్నెండు వోల్టుల పంపు, ఇరవై లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, జల్లెడ, నాలుగు మీటర్ల గొట్టం, పాలీహౌసుల్లో మంచు కురిపించే నాజిళ్లు రెండు. కరెంటు ట్రాక్టరు బ్యాటరీదే. అన్నీ కలిపి మూడు వేల లోపే అయ్యాయి.

ఇంకో ఎనిమిది వందలు మిగిలేవి, అమ్మ అడ్డుపడకపోతే. మూలనున్న పాత స్ప్రేయర్ డబ్బా కడిగి బిగించబోతుంటే చూసింది. "పురుగుమందు కొట్టిన డబ్బాతో పశువు మేతకి కొడతావేంట్రా?" అంది. ఎన్నిసార్లు కడిగినా ఆ డబ్బా మేత దగ్గరికి రాకూడదు. పంపూ అంతే, గొట్టమూ అంతే. ఈ పరికరం చేసుకునేవాళ్లకు నేను గట్టిగా చెప్పే మొదటి మాట, అమ్మ చెప్పిన ఆ మాటే.

అసలు పని బిగింపులో లేదు, లెక్కలో ఉంది. మా దగ్గర తిరిగే చిన్న గుండ్రటి బేలర్ కట్ట ఇరవై కిలోల దాకా తూగుతుంది. గడ్డి వరస బాగుంటే నిమిషానికి ఒక కట్ట పడుతుంది. చెమ్మ 20, 25 శాతాల మధ్య ఉంటే గడ్డి బరువులో అర శాతం ఆమ్లం కావాలి. అంటే కట్టకు వంద గ్రాములు. నేను తెచ్చిన ద్రావణంలో ఆమ్లం సగమే కాబట్టి నిమిషానికి రెండొందల మిల్లీలీటర్లు. టీ గ్లాసు కంటే కొంచెం ఎక్కువ! పంపేమో నిమిషానికి మూడు లీటర్లు తోస్తుంది. మామూలు మందు నాజిలు పెడితే కట్ట తడిసి ముద్దవుతుంది, డబ్బు నేలపాలవుతుంది. అందుకే మంచు నాజిళ్లు. మిగిలిన ద్రావణం తిరిగి డబ్బాలోకే పోయేలా ఒక గొట్టం, దానికో కుళాయి. ఆ కుళాయిని ఎంత తిప్పామన్నదే మోతాదు.

ముందు ఉత్త నీళ్లతో చూశాం. ఒక్కో నాజిలు కింద కొలగ్లాసు పట్టుకుని, గడియారం చూస్తూ నిమిషం. ఒకటి 90 ఇచ్చింది, రెండోది 130. మొదటిదాని రంధ్రంలో ప్లాస్టిక్ పొట్టు ఇరుక్కుంది. అది తీసి, కుళాయి సరిచేసి, రెండూ నూరు దగ్గరికి వచ్చేదాకా పదకొండు సార్లు కొలిచాం. మంచు గాలికి కొట్టుకుపోకుండా, గడ్డి ఏరే పళ్ల మీదికి పాత ట్యూబు ముక్కను పరదాలా కట్టి, నాజిళ్లు దాని లోపల పెట్టాం.

ఇంకో చిక్కు పొలంలో దిగాక తెలిసింది. కట్ట నిండగానే బజర్ మోగుతుంది, డ్రైవరు బండి ఆపుతాడు, తాడు చుట్టుకుంటుంది. ఆ కాసేపూ పంపు ఆడుతూనే ఉంటే మందంతా ఒకచోటే కారుతుంది. కట్ట కట్టకూ స్విచ్చి నొక్కమని డ్రైవరును బతిమాలితే పది కట్టల వరకు గుర్తుంచుకున్నాడు. ఆయన తప్పేమీ లేదు, చూసుకోవాల్సినవి ఆయనకు వంద. మా ఊరి ఆటో ఎలక్ట్రీషియను వచ్చి బజర్ తీగను అయిదు కాళ్ల రిలేకి కలిపాడు. బజర్ మోగితే పంపు ఆగుతుంది. గంట పని, నూట ఇరవై రూపాయల రిలే. మొత్తం పరికరంలో నాకు బాగా నచ్చిన ముక్క అదే. అరవై కట్టలయ్యాక డబ్బా చూస్తే పన్నెండు లీటర్లకు కాస్త తక్కువ తగ్గింది. లెక్క కుదిరింది.

పరికరం చవకే గానీ ద్రావణం చవక కాదు. మాకు కట్టించిన కూలికి దగ్గర దగ్గరగా మందు ఖర్చే పడింది. అమ్ముకునే గడ్డికి ఇది గిట్టదు. ఎండ ఉన్నన్ని రోజులు ఎండే మందు. మబ్బు కమ్మి, ఇంకో రోజు ఆగితే మొత్తం పోతుందన్నప్పుడు, మన పశువులు తినే కట్టల వరకు దీన్ని వాడుకోవాలి. చెమ్మ ముప్పై శాతం దాటిన గడ్డిని ఈ మందు కాపాడదు. పని అయ్యాక పంపులోంచి ఒక డబ్బా మంచినీళ్లు పోనివ్వకపోతే మరుసటి ఏడాదికి పంపు ఉండదు. యూరియా కొట్టొచ్చు కదా అని చాలామంది అడుగుతున్నారు. అది వేరే పని. వంద కిలోల ఎండుగడ్డికి నాలుగు కిలోల యూరియా నీళ్లలో కలిపి చల్లి, మూడు వారాలు గాలి తగలకుండా కప్పి మాగబెడితే గడ్డికి బలం వస్తుంది. బేలర్ మీద చిలకరించే పని దాంతో జరగదు.

ఈ ఏటి కట్టలు నెలకొకటి కోసి చూస్తున్నాను. లోపల రంగు మారలేదు. మొదటి రెండు రోజులు పుల్లటి వాసనకు గేదె మూతి తిప్పుకుంది, మూడో రోజు నుంచి తింటోంది. దాని తోక మాత్రం జానెడు తక్కువే.

మీరు పరికరం చేసుకున్నా చేసుకోకపోయినా ఒక్క పని చెయ్యండి. బేలర్ మాట్లాడుకునే ముందు వరస అడుగు నుంచి వంద గ్రాముల గడ్డి తీసి, ముక్కలు కోసి, సన్నసెగ మీద బాణలిలో మాడకుండా తిప్పుతూ, తూకం ఇక తగ్గదనేదాకా వేయించండి. 82 గ్రాములు, ఆ పైన మిగిలితే కట్టించుకోండి. అంతకు తగ్గితే ఇంకో ఎండ కోసం ఆగండి.