కంట్రోల్+జి ఎవరిది?

కంప్యూటర్‌లో తెలుగు కొట్టేవాళ్లకు, ఇంగ్లిషు మాత్రమే కొట్టేవాళ్లకు అక్కర్లేని ఒక కీ కావాలి. అది భాష మార్చే కీ. మన దగ్గర షార్ట్‌కట్‌ల తగాదా చాలావరకు దాని చుట్టే తిరుగుతుంది, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లు దానికి చోటు వదల్లేదు. నల్లగొండలోనో పాలమూరులోనో డీటీపీ షాపు సంగతే చూడండి. ఒకే మెషీన్‌లో పెళ్లికార్డుకు కోరల్‌డ్రా, అను ఫాంట్లు. కలెక్టరేట్‌లో ఇచ్చే దరఖాస్తుకు వర్డ్, యూనికోడ్. ఆన్‌లైన్ పనులకు బ్రౌజర్. గూగుల్ తెలుగు టైపింగ్‌లో భాష మార్చడానికి కంట్రోల్+జి, తెలుగు వికీపీడియాలో కంట్రోల్+ఎం. అదే కంట్రోల్+జి కోరల్‌డ్రాలో బొమ్మల్ని గ్రూపు చేస్తుంది, కంట్రోల్+ఎం వర్డ్‌లో పేరాను లోపలికి జరుపుతుంది. కిటికీలు వేరైనా కొట్టే వేళ్లు అవే కదా! విండోస్ సొంతంగా ఇచ్చిన ఎడమ ఆల్ట్+షిఫ్ట్ కూడా ఖాళీది కాదు. వర్డ్‌లో పేరాను పైకి జరపాలంటే ఆ రెండూ పట్టుకునే పై బాణం నొక్కాలి. బాణం తగలకముందే వేళ్లు లేచాయా, పేరా అక్కడే ఉంటుంది, భాష మారిపోతుంది.

షార్ట్‌కట్ పనిచేయకపోతే మనవాళ్లు ముందు కీబోర్డును తిడతారు, తర్వాత సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కిస్తారు. ఒక్కోసారి ఇది ఫలిస్తుంది కూడా, ఆ అలవాటు పోనిది అందుకే. నిజానికి జరిగేది వేరు. ఫలానా కీలు నావని ఒక ప్రోగ్రాము విండోస్ దగ్గర నమోదు చేసుకుందంటే, ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద దస్తీ వేసినట్టే. తర్వాత అడిగినదాన్ని విండోస్ కాదంటుంది. నమోదు జోలికి పోకుండా, నొక్కిన ప్రతి కీనీ మధ్యలో కాపుకాసి చూసే ప్రోగ్రాములూ ఉన్నాయి. వాటిలో లెక్క తిరగబడుతుంది: చివర చేరినదానికే కీ మొదట అందుతుంది. ఏది ముందు మొదలైంది, ఏది తర్వాత అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. నిన్న పనిచేసిన కీ ఈ పొద్దు పనిచేయకపోవడంలో మాయేమీ లేదు.

కాబట్టి కీని ఎవరు పట్టుకుపోయారో వెతకాలి. నోట్‌ప్యాడ్ తెరిచి అదే కీ నొక్కి చూడండి. అక్కడ పనిచేసి వర్డ్‌లో చేయకపోతే తగాదా వర్డ్‌లోనే ఉంది. ఆప్షన్స్‌లో కీబోర్డ్ కస్టమైజ్ పెట్టె తెరిచి ఆ కీలు నొక్కితే అవి దేనికి కేటాయించి ఉన్నాయో అదే చూపిస్తుంది. నోట్‌ప్యాడ్‌లోనూ పోతే, కింద గడియారం పక్కన దాక్కున్న ప్రోగ్రాములను ఒక్కొక్కటే మూసి చూడాలి. ఎవరి దగ్గర ఏ కీ ఉందో చెప్పే పట్టిక విండోస్‌లో లేదు, అది దాని లోపమే. దొంగ దొరికాక ఎవరిని కదిలించాలి? నా లెక్కలో భాష కీని ముట్టుకోకూడదు. కంట్రోల్+ఆల్ట్+బాణం నొక్కితే తెరను తలకిందులు చేసే పాత ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ సౌకర్యంతో ఏ ఆపరేటర్‌కూ పని పడదు. భాష కీతో వరుసకోసారి పడుతుంది.

మౌస్‌తో మార్చుకుంటే పోలేదా అంటారు. రైతు పేరు తెలుగులో, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ ఇంగ్లిషులో, ఊరు తెలుగులో, పాన్ మళ్లీ ఇంగ్లిషులో కొట్టేటప్పుడు చెయ్యి ఎన్నిసార్లు మౌస్ మీదికి పోవాలి? అందరూ ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుకు మారితే గొడవే ఉండదన్న వాదనలో కొంత బలముంది. అది ప్రభుత్వ ప్రమాణం, భారతీయ భాషలకు దాదాపు ఒకే అమరిక. అయినా ఇంగ్లిషుకూ తెలుగుకూ మధ్య మారక తప్పదు, మార్చే కీ ఉండక తప్పదు. విండోస్ 8తో వచ్చిన విండోస్+స్పేస్ ఆ పనికి మిగతావాటికన్నా నయం. వర్డ్, కోరల్‌డ్రా లాంటివి సాధారణంగా విండోస్ కీ జోలికి రావు. కాకపోతే అది మార్చేది విండోస్‌కు తెలిసిన కీబోర్డులనే. అను ఫాంట్లలో కొట్టడానికి వాడే అను స్క్రిప్ట్ మేనేజర్ వేరుగా నడుస్తుంది, దాని మార్పిడి కీ దానిదే. పెళ్లికార్డులూ దరఖాస్తులూ ఒకే మెషీన్‌లో చేసే షాపు రెండు కీలు పెట్టుకోవాల్సిందే, ఆ రెండిటి మీదా ఇంకో ప్రోగ్రాము చెయ్యి పడకుండా చూసుకోవాల్సిందే.