మోచేతి మడత దగ్గరి నేర్పు

రక్తదానం అనగానే దాతను మెచ్చుకుంటాం, సూది పట్టిన చేతిని మరిచిపోతాం. నెల్లూరు రెడ్‌క్రాస్ బ్లడ్‌బ్యాంకు లాంటి చోట్ల టెక్నీషియన్ల పనితనం చూసి తీరాలి. ముందు వేలి కొసన చుక్క తీసి హిమోగ్లోబిన్ చూస్తారు. 12.5 గ్రాములు లేకపోతే ఎంత బతిమాలినా పడుకోబెట్టరు. జబ్బకు పట్టీ బిగించి, పిడికిలి మూయమని, మోచేతి మడతలో నరాన్ని కంటితో కాదు, వేలికొసతో వెతుకుతారు. నొక్కితే అణిగి మళ్లీ పైకి లేచే నరం దొరికాక, స్పిరిట్‌తో తుడిచి ఆరనిస్తారు. "ఏం చదువుతున్నావు నాయనా?" అని మాటల్లో పెట్టి, కుర్రాడు జవాబు చెప్పేలోపే సూది దించేస్తారు. సంచిలోని మందు కలిసి రక్తం గడ్డకట్టకుండా, పసిబిడ్డ ఉయ్యాలను ఊపినట్టు మెల్లగా ఊపుతూనే ఉంటారు. పది నిమిషాల్లోపే 350 మిల్లీలీటర్లు. సూది తీశాక దూది నొక్కిపట్టి, పళ్లరసం ఇచ్చి, కళ్లు తిరగవని నమ్మకం కుదిరాకే పంపుతారు. ఆ రక్తానికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేశాకే బయటికి ఇస్తారు. మైపాడు, కృష్ణపట్నం వైపు పల్లెల్లో కాన్పు కష్టమైన తల్లికీ, రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కితే తప్ప నిలవలేని తలసీమియా బిడ్డకూ ఆ నేర్పే ఊపిరి. మామూలు సంచిలో రక్తం 35 రోజులకు మించి నిలవదు, కాబట్టి దాతలు వస్తూనే ఉండాలి. పద్దెనిమిదేళ్లు నిండి, 45 కిలోలు తూగి, ఆరోగ్యంగా ఉన్నారా? మగవాళ్లయితే మూడు నెలలకోసారి, ఆడవాళ్లయితే నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. భయపడకుండా చెయ్యి చాపండి.