పెరటి పువ్వు ఎవరిది? తెలుగు కావ్యాలలో ఇంటితోట, వసంతం: ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగు కావ్యాలలోని వసంత వర్ణనపై విమర్శ ప్రధానంగా ఉద్యానవనం చుట్టూ సాగింది. అష్టాదశ వర్ణనలలో ఋతువుకూ ఉద్యానానికీ చోటుంది. అందువల్ల ప్రబంధకవి వసంతాన్ని రాజోద్యానంలో నిలపడం, విమర్శకుడు దానిని శృంగారానికి ఉద్దీపన విభావంగా గుర్తించి ముందుకు సాగడం పరిపాటి అయింది. ఇంటి వెనుక పెరడు ఈ చర్చలోకి అరుదుగా వచ్చింది. ‘పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు’ అన్న సామెత సాహిత్య విమర్శకూ వర్తించినట్లు కనిపిస్తుంది.

ఉద్యానవనంలోని పువ్వు నాయికానాయకుల మనఃస్థితిని తెలుపుతుంది. ఇంటితోటలోని పువ్వు అక్కడితో ఆగదు. దానిని ఎవరు పెంచారు, ఎవరు కోయాలి, ఎవరు ధరించాలి అన్న ప్రశ్నలను అది ముందుకు తెస్తుంది. పారిజాతాపహరణం, ఆముక్తమాల్యద, పుష్పవిలాపం అనే మూడు రచనల ఆధారంగా ఈ భేదాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కవిసమయం – నేల సమయం

ముందుగా ఋతువు సంగతి. మన్మథుని పంచబాణాలు అరవిందం, అశోకం, చూతం, నవమల్లిక, నీలోత్పలం. వీటిలో సామాన్య గృహస్థు పెరటిలో కనిపించేవి మామిడి, మల్లె మాత్రమే. ఈ రెండింటిలో మామిడి పూత కావ్యంలో వసంతాగమనానికి తిరుగులేని గుర్తు.

కృష్ణా జిల్లా బాపులపాడు మండలంలోని హనుమాన్ జంక్షన్ ఈ సంకేతాన్ని పరీక్షించడానికి అనువైన చోటు. విజయవాడ–ఏలూరు జాతీయ రహదారిని నూజివీడు–గుడివాడ రహదారి ఇక్కడ దాటుతుంది. ఉత్తరంగా వెళితే నూజివీడు మెట్టభూముల మామిడితోటలు, దక్షిణంగా వెళితే గుడివాడ వైపు డెల్టా వరిచేలు. ఈ ప్రాంతంలో మామిడి పూత డిసెంబరు చివర మొదలై జనవరి, ఫిబ్రవరి నెలల్లో నిండుగా వస్తుంది. అంటే పుష్య, మాఘ మాసాలు. చైత్రం వచ్చేసరికి పూత రాలి, పిందె కాయగా మారుతుంటుంది. ఉగాది పచ్చడిలోకి మామిడి నుంచి వచ్చేది కాయముక్క. అందులో పడే పువ్వు వేపచెట్టుది.

కావ్యసంకేతం పుట్టి పెరిగిన ఉత్తర భారతంలో మామిడి ఫిబ్రవరి, మార్చి నెలల్లో పూస్తుంది. అక్కడ పూతకూ వసంతానికీ పొత్తు కుదురుతుంది. తెలుగు కవి ఆ పొత్తును యథాతథంగా స్వీకరించాడు. దీనిని కవి దోషంగా లెక్కించనవసరం లేదు. ఉన్నదానిని చెప్పకపోవడం, లేనిదానిని చెప్పడం కవిసమయంలో భాగమేనని ఆలంకారికులు స్పష్టంగా ఎరుగుదురు. వసంతంలో మాలతిని వర్ణించరాదన్న నియమాన్ని రాజశేఖరుడు కావ్యమీమాంసలో ‘ఉన్నా చెప్పకూడని’ వాటి కింద చేర్చాడు. పువ్వు ఉన్నదని తెలిసే కావ్యం దానిని పక్కన పెట్టిందన్నమాట.

కనుక అడగవలసిన ప్రశ్న వేరు. ఈ ఎంపికలో బయట మిగిలినది ఏమిటి? తెలుగు గృహస్థుకు చైత్రపు తొలి పువ్వు వేపపువ్వు. పంచబాణాలలో దానికి చోటు లేదు. అది విరహాన్ని రేపదు, కొప్పులోకి ఎక్కదు. అది తినే పువ్వు. మామిడి పూతదీ మరో విధమైన స్థితి. తోట రైతుకు పూత అంటే రాబోయే కాపు. తేనెమంచు పురుగు, బూడిద తెగులు ఆశిస్తాయేమోనని భయంతో చూసే వస్తువు. పూత దశలోనే కాపును వ్యాపారికి ఒప్పుకునే పద్ధతీ ఉంది. ఒకే పూత కావ్యంలో బాణం, తోటలో బేరం. పువ్వుకు సొంతదారు ఏర్పడిన క్షణంలో దాని అర్థం మారుతుంది. కావ్యాలలోని ఇంటితోటలను ఈ దృష్టితో చదవవలసి ఉంది.

సత్యభామ పెరడు

నంది తిమ్మన పారిజాతాపహరణంలో కథ ఒక్క పువ్వుతో మొదలవుతుంది. నారదుడు తెచ్చిన పారిజాతాన్ని కృష్ణుడు రుక్మిణికి ఇస్తాడు. సత్యభామ అలుగుతుంది. ఆ అలుక తీర్చడానికి కృష్ణుడు దేవేంద్రుని గెలిచి వృక్షాన్నే తెచ్చి సత్య ఇంటితోటలో నాటిస్తాడు. ఈ కావ్యంపై విమర్శ సత్య అలుక ఘట్టం మీద, శృంగార పోషణ మీద కేంద్రీకరించింది. స్థలం దృష్టితో చూస్తే కథాగమనం మరో తీరుగా తెలుస్తుంది. నందనవనంలో ఉన్నంతకాలం పారిజాతం ఎవరి మధ్యా తగవు పెట్టలేదు. గృహంలో అడుగుపెట్టగానే అది సవతుల మధ్య కొలమానమైంది. సత్య కోరినది పరిమళం కాదు, తన ఇంటి హద్దులలో ఆ చెట్టు ఉండడం.

కావ్యాంతంలోని పుణ్యకవ్రతం ఈ స్వామ్యభావాన్ని తలకిందులు చేస్తుంది. చెట్టుతో పాటు భర్తను సైతం నారదునికి దానమిచ్చి, సత్య తిరిగి పొందుతుంది. ‘నాది’ అని నిరూపించుకోవడానికి ముందు దానిని వదులుకోవలసి వచ్చింది. చెట్టు సత్య పెరటిలో ఉన్నా పూలు రుక్మిణి వాకిట రాలేవన్న జనశ్రుతి ఈ కథకు ప్రజలు రాసుకున్న వ్యాఖ్యానం. చెట్టుకు గోడ ఉంటుంది కాని, రాలే పువ్వుకు ఉండదని ఆ వ్యాఖ్యాన తాత్పర్యం.

గోద కొప్పు

శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో తోట విష్ణుచిత్తునిది. అక్కడి పూలు విల్లిపుత్తూరు స్వామికి మాలలు కావడానికే పూస్తాయి. స్వామ్యం ముందే నిర్ణయమైపోయింది. ఆ నిర్ణయాన్ని గోద నిశ్శబ్దంగా సడలిస్తుంది. మాలను ముందు తాను ధరించి, నూతి నీటిలో తన నీడ చూసుకొని, తరువాత స్వామికి చేరనిస్తుంది. కావ్యనామం ఈ చర్య నుంచే వచ్చింది. ఈ కావ్యంలోనూ గోద విరహంతో ముడిపడి ప్రబంధ మర్యాద ప్రకారం వసంతం వస్తుంది. అయితే కావ్యానికి కీలకమైన పువ్వు ఆ వసంతంలోనిది కాదు, నిత్యకైంకర్యపు తోటలోనిది. స్త్రీ ధరించిన పువ్వు నిర్మాల్యమై త్యాజ్యం కావలసిన చోట, అదే స్వామికి ఇష్టమైంది. పువ్వుపై స్త్రీకి గల హక్కును కావ్యం పవిత్రత స్థాయికి ఎత్తింది.

పువ్వు నోరు విప్పినప్పుడు

కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి ఉదయశ్రీలోని పుష్పవిలాపం ఘంటసాల గానంతో ఇంటింటికీ చేరిన ఖండకావ్యం. ఉదయాన పూజకు పూలు కోయబోయిన వ్యక్తిని పూలు నిలదీస్తాయి. అది ఎవరి తోటో కవి చెప్పలేదు. కాని పూజాసమయానికి మొక్క దగ్గరకు వెళ్ళి కొమ్మ వంచడం గృహస్థ జీవితంలోని చర్య. సత్యభామ తోటలో, విష్ణుచిత్తుని తోటలో మాట్లాడని పువ్వు ఇక్కడ నోరు విప్పింది. తాను తల్లి తీగదనీ, ఆపై తనకు తానే సొంతమనీ వాదించింది. కోయబోయిన చేయి ఖాళీగా వెనుదిరిగింది. ఉద్దీపనంగా ఉన్న పువ్వును వక్తగా మార్చడం ఈ ఖండిక సాధించిన విజయం.

ఆ విజయంలోనే ఒక పక్షపాతం దాగి ఉంది. కొమ్మ వంచినది పురుషుడు. పూల నింద మాత్రం ప్రత్యేకించి, సూదులతో గుచ్చి మాలకట్టి ముడుచుకునే స్త్రీల మీద పడింది. పురుషుడు పశ్చాత్తాపంతో బయటపడ్డాడు. స్త్రీలకు జవాబు చెప్పే అవకాశం కవి ఇవ్వలేదు. పెరటి మొక్కకు నీళ్ళు పోసేది, మల్లెతీగకు పందిరి వేయించేది, మొగ్గ విచ్చకముందే సాయంత్రం కోసి దండ కట్టేది సాధారణంగా ఆ స్త్రీలే. పెంచిన చేతి ప్రస్తావన లేకుండా తెంచిన చేతిని మాత్రమే విచారించిన తీర్పు ఇది. గోద కొప్పులో పావనమైన పువ్వు, కొన్ని శతాబ్దాల తరువాత అదే కొప్పులో హింసకు సాక్ష్యమైంది. కరుణరసం గాఢంగా పండినందువల్ల ఈ మార్పు పాఠకుల దృష్టిని తప్పించుకుంది.

ముగింపు

మూడు తోటలలో పువ్వు స్వామ్యం మూడు విధాలుగా తేలింది. తిమ్మన దానిని సవతుల తగవులో పెట్టి దానంతో ముగించాడు. రాయలు దేవునికీ కన్యకూ నడుమ పంచాడు. కరుణశ్రీ పువ్వుకే అప్పగించాడు. ఈ మూడింటిలోనూ తోటను సాకిన శ్రమ మాత్రం ఒకేలా లెక్కకు రాలేదు. విష్ణుచిత్తుని మాలాకైంకర్యం ఒక్కటే కొంత మినహాయింపు. అక్కడ కూడా శ్రమ భక్తిగా మారాకే కావ్యార్హత పొందింది.

వసంత వర్ణనల పరిశోధన ఏ కవి ఏ పువ్వును పేర్కొన్నాడన్న పట్టికతో ఆగిపోతే ఈ భేదాలు తెలియవు. పువ్వు ఏ హద్దులో పూసింది, ఎవరి చేతిమీదుగా ఎవరికి చేరింది అన్నవి కూడా పట్టికలో చేరాలి. అప్పుడు నూజివీడు రైతు పుష్యమాసపు పూత, ఉగాదినాటి గిన్నెలోని వేపపువ్వు కావ్యవసంతానికి అపవాదాలుగా కాక, దానిని కొలిచే ప్రమాణాలుగా నిలుస్తాయి. మిగతా పూల మీద తగవులు పడ్డ కావ్యలోకం వేపపువ్వు మీద ఒక్క తగవూ పడలేదు. వీధి చెట్టు పువ్వును ఎవరైనా దులుపుకోవచ్చు, ఇంట్లో అందరూ తినాలి. ఎవరి సొత్తూ కాని ఆ పువ్వు కావ్యవసంతం వెలుపల ఉండిపోవడం యాదృచ్ఛికం కాకపోవచ్చు.