శరణార్థియగు గురువు – ఎలియట్టు నాటకవిమర్శనము

శరణశబ్దమునకు గృహమనియు రక్షకుఁడనియు నమరసింహుఁ డర్థద్వయమును జెప్పియున్నాఁడు. హింసార్థకమగు 'శౄ' ధాతువుపై ల్యుట్ప్రత్యయము రాఁగా, దుఃఖమును హింసించునది శరణమని వ్యాఖ్యాతలు వ్యుత్పత్తి చూపుదురు. తెలుఁగున 'శరణుచొచ్చుట' యన్నచో గృహార్థమును, 'శరణువేఁడుట' యన్నచో రక్షకార్థమును స్ఫురించును. ఈ రెండు నొక్కచోటఁ గూడినపుడు శరణార్థికిఁ గొఱఁత లేదు. గృహ మొకరిదై రక్షణశక్తి వేఱొకరిదైనపు డేమగును? టి. ఎస్. ఎలియట్టు రచించిన 'మర్డర్ ఇన్ ది కథీడ్రల్' అను నాటకమును జదువునపుడు నాకు నిరంతరముగాఁ దోఁచిన ప్రశ్న యిది. ఆ నాటకము 1935 జూన్ నెలలోఁ గాంటర్బరీ ప్రధానదేవాలయపు సభామందిరమునఁ బ్రథమముగాఁ బ్రదర్శింపఁబడినది. కథానాయకుఁడు హతుఁడైనది యా దేవాలయముననే.

ముందుగాఁ జరిత్రమును సంగ్రహించెదను. కాంటర్బరీ ఆర్చిబిషప్పగు థామసు బెకెట్టు, నేరము చేసిన గురువులను రాజస్థానములు దండింపవచ్చునా యను వివాదమున ఇంగ్లాండు రాజగు రెండవ హెన్రీతో విరోధించి, 1164 నవంబరున రహస్యముగా సముద్రము దాఁటి ఫ్రాన్సు చేరెను. అప్పటికి మూఁడవ అలెగ్జాండరు పోపు సైతము రోమునకు దూరమై సాన్సు నగరమునఁ బ్రవాసముననుండెను. శరణ్యుఁడే శరణార్థి! అతఁడు థామసును బోంటిన్యీలోని సిస్టర్షియను మఠమునకుఁ బంపెను. మఠవాసు లాతని రెండేండ్లు సాదరముగా నుంచుకొనిరి. హెన్రీ యాతని బంధుజనమును స్వదేశమునుండి వెడలఁగొట్టెను. అంతటఁ దృప్తి నొందక, 1166 లో, థామసు నింకను బోషించినచోఁ దన యేలుబడిలోని సిస్టర్షియను మఠముల యాస్తుల నపహరింతునని బెదరించెను. ఈ వార్త విని థామసు పోంటిన్యీ విడిచి, ఫ్రాన్సు రాజగు ఏడవ లూయీ యాశ్రయమున సాన్సులోని మఱియొక మఠమునఁ జేరెను. గృహము మఠముదే, రక్షకుఁడు మాత్రము రాజు. అమరుని యర్థద్వయ మిచట విడివడి కానవచ్చుచున్నది.

ఎలియట్టు ఈ కథ నంతయు విడిచి, 1170 డిసెంబరు 2 వ తేదీన థామసు స్వస్థానమునకు మరలివచ్చుటతో నాటకము నారంభించెను. కాంటర్బరీ పేదస్త్రీలు బృందగాయినులై, ఆచార్యుఁడు తమ్ము విడిచి యేడేండ్లయినదని చెప్పుదురు. నిజమునకు గడచినవి యాఱే. ఆద్యంతవత్సరములను గూడఁ గలిపిన నేడగును గావున నిది దోషము గాదు. ఆశ్చర్య మన్యత్ర మున్నది: వారు స్వాగతము పలుకుటకు మాఱుగా ఫ్రాన్సునకే మరలిపొమ్మని యాతని వేఁడుకొందురు. గురువొకఁడు వారిని గద్దింపఁగా థామసే వారింపును.

స్వసంఘము తన గురువును బొమ్మనుట యనుచితమని యాక్షేపింపవచ్చును. నాకట్లు తోఁపదు. ఆశ్రయమిచ్చువారి భయమును గప్పిపుచ్చక రంగమున నిలుపుటయే యీ నాటకమునకు బలము. పోంటిన్యీ పేరెత్తకయే కవి పోంటిన్యీ భయమును స్త్రీల నోటఁ బలికించెను. స్థాయియగు నాభయము క్రమముగా మాఱి, నాటకాంతమున స్త్రీలు భగవంతుని స్తుతించి, భయపడుట తమ యపరాధమని యొప్పుకొందురు.

ఇచ్చటనే నా విప్రతిపత్తి. వాల్మీకి విభీషణశరణాగతిఘట్టమున సుగ్రీవుని శంకను దాఁచలేదు. శ్రీరాముఁడు దానికిఁ బ్రత్యుత్తరముగాఁ గపోతోపాఖ్యానమును జెప్పెను. తన భార్య నపహరించిన బోయకు సైతము కపోతము తన మాంసమునే యర్పించినది. కాని యా కపోత మిచ్చినది స్వమాంసము. పోంటిన్యీవారు చెల్లింపవలసిన మూల్యమో, సముద్రమున కావలనున్న సోదరుల మఠములు. తన్నుఁ దా నర్పించుట త్యాగము. పరుల నర్పించుట త్యాగమగునా? స్వార్థభయమును నిందించుట యుక్తమే. పరార్థభయమును దానితోఁ గలిపి యొక్క యపరాధముగా నెంచుట సూక్ష్మవివేచనము గాదు. స్త్రీల పశ్చాత్తాపమున నీ భేదము స్ఫురింపమి నాటకమునకు లోపమని నా యభిప్రాయము.

అట్లని భయమే ప్రమాణమని నేననుట లేదు. 1207 తరువాత జాను రాజుచే నిరాకృతుఁడైన స్టీఫెను లాంగ్టను అను మఱియొక కాంటర్బరీ ఆర్చిబిషప్పునకు నా పోంటిన్యీయే యాశ్రయమైనది. 1240 లో మృతినొందిన ఆర్చిబిషప్పు ఎడ్మండు కళేబరము నచ్చటనే నిక్షిప్తమైనది. ఒకసారి బెదరిన యిల్లు మరలఁ దలుపు తెఱచుటకంటె గొప్ప యుత్తరము లేదు. ఎలియట్టు స్త్రీలు మాటలతోఁ జెప్పినదానిని పోంటిన్యీవారు చేఁతతోఁ జెప్పిరి.